ఆ సీఎల్ఏ మీద సంతకం పెట్టే ముందు

ఒరేయ్ శీనూ,

నీ ప్యాచ్‌ని (కోడ్ మార్పుని) ఆ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌లో కలపాలంటే దాన్ని నడిపే కంపెనీ సీఎల్ఏ ఒప్పుకోమంటోంది, అంటే కోడ్ ఇచ్చేవాళ్ళు దాని హక్కుల గురించి సంతకం పెట్టే కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్, కళ్ళు మూసుకుని ఓకే కొట్టేయనా అని రాశావు, కాస్త ఆగరా, ఇది చదివి కొట్టు.

నువ్వు రాసిన కోడ్ మీద కాపీరైట్ నీదే. వంద మంది రాస్తే వంద మందికీ హక్కు ఉంటుంది, అందుకే లైసెన్స్ మార్చడం అంటే మామూలు తలనొప్పి కాదు. వీడియో ప్లేయర్ వీఎల్‌సీ వాళ్ళు 2011, 2012ల్లో తమ ఇంజిన్‌ని వేరే యాప్‌లు కూడా సులువుగా వాడుకోవాలని జీపీఎల్ (దీని కోడ్ కలిపి పంచే సాఫ్ట్‌వేర్ సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలనే లైసెన్స్) నుంచి కాస్త సడలించిన ఎల్‌జీపీఎల్‌కి మార్చారు, దానికి ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన డెవలపర్లని కూడా వెతికి పట్టుకుని పర్మిషన్ అడగాల్సొచ్చింది. జనమే కలిసి గీసే మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అయితే 2012లో కొత్త లైసెన్స్‌కి ఒప్పుకోనివాళ్ళు పెట్టిన డేటానే తీసేసింది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో వేల మంది కోడ్ ఉంది, అది జీపీఎల్ రెండో వెర్షన్ దాటి కదలడం దాదాపు అసాధ్యం, నాకైతే అదే దాని బలం అనిపిస్తుంది.

సీఎల్ఏ ఉంటే ఈ అడగడాలేం ఉండవు. చాలా కంపెనీల సీఎల్ఏల్లో నీ కోడ్‌ని వాళ్ళకి నచ్చిన లైసెన్స్ కింద ఇచ్చుకోవచ్చని ఉంటుంది. బీఎస్‌డీ, అపాచీ లాంటి పెద్దగా షరతుల్లేని లైసెన్స్‌లైతే సీఎల్ఏ లేకపోయినా పెద్ద అడ్డేం లేదు, పాత నోటీసులు ఉంచి కొత్త వెర్షన్‌ని వేరే షరతులతో వదలొచ్చు.

డేటాబేస్ చేసే మాంగోడీబీ 2018లో, సెర్చ్ సాఫ్ట్‌వేర్ చేసే ఎలాస్టిక్ 2021లో, సర్వర్ల సెటప్‌కి వాడే టెర్రాఫామ్ చేసే హాషికార్ప్ 2023లో, ఇంకో డేటాబేస్ రెడిస్ 2024లో, అందరూ ఇంచుమించు ఒకే కారణంతో తమ లైసెన్స్ మార్చారు: కోడ్ రాయడానికి జీతాలిచ్చేది మేము, దాన్ని సర్వీస్‌గా అమ్ముకుని సంపాదించేది వేరే కంపెనీలు, ముఖ్యంగా పెద్ద క్లౌడ్ కంపెనీలు. ఆ బాధ నిజమేరా, కాదనను. కానీ మాంగోడీబీ తెచ్చిన కొత్త లైసెన్స్ ఎస్‌ఎస్‌పీఎల్ చూడు, సర్వీస్‌గా ఇస్తే దాన్ని నడిపే మిగతా సాఫ్ట్‌వేర్ సోర్స్ కూడా మొత్తం బయటపెట్టాలి, ఏది ఓపెన్ సోర్స్ లైసెన్సో తేల్చే సంస్థ ఓఎస్ఐ దాన్ని ఓపెన్ సోర్స్ అని ఒప్పుకోలేదు. ఓపెన్ అని నమ్మి ఊరికే పనిచేసిన బయటివాళ్ళని అడగకుండా ఇలా చెయ్యడం మాత్రం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

అదృష్టం ఏంటంటే అప్పటికే వదిలేసిన వెర్షన్ల లైసెన్స్‌ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు. ఆ పాత కోడ్ తీసుకునే ఎలాస్టిక్ దానికి పోటీగా ఓపెన్‌సెర్చ్, టెర్రాఫామ్‌కి పోటీగా ఓపెన్‌టోఫు పుట్టాయి, రెడిస్ మార్చిన కొద్ది రోజులకే దాని కోడ్‌తో వాల్కీ వచ్చేసింది. తర్వాత ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఓఎస్ఐ ఒప్పుకున్న ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఏజీపీఎల్‌ని కూడా ఒక ఆప్షన్‌గా చేర్చాయి. అలాగని మార్పులన్నీ చెడ్డవని కాదు, 2017లో వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ రియాక్ట్ జనాన్ని భయపెట్టిన పేటెంట్ షరతు తీసేసి సులువైన ఎంఐటీ లైసెన్స్‌కి వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నువ్వు చూడాల్సింది రెండే. సంతకం కంపెనీకా, లాభం చూడని ఫౌండేషన్‌కా? సబ్‌లైసెన్స్ (నీ కోడ్‌ని వాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చే హక్కు) అన్న చోట ఏం రాశారు? సీఎల్ఏ బదులు డీసీఓ సైన్-ఆఫ్ (కోడ్‌తో పాటు పెట్టే చిన్న హామీ) సరిపోతుందేమో కూడా అడుగు, అందులో ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, ప్రాజెక్ట్ లైసెన్స్ కిందే ఇస్తున్నా అని చెప్తావు, అంతకుమించి ఎవరికీ ఏ హక్కూ రాసివ్వవు. ఆ సీఎల్ఏ కాపీ నాకు పంపు, కూర్చుని చదువుదాం.

నీ
వాసు