చూసిందే రాయి, చిట్టీ

చిట్టీ,

నువ్వు పంపిన టైం టేబుల్ చూశాను. మంగళ, గురువారాల్లో పొద్దుటి పూట 'నర్సరీ ల్యాబ్' అని ఉంది కదా, అంటే పసిపిల్లల్ని దగ్గరుండి చూసి నేర్చుకునే బడి, నీ చదువుకు ప్రాణం అక్కడే ఉంది. మిగతా పేపర్లు పుస్తకం ముందేసుకుని రాత్రిళ్ళు కూర్చుంటే వస్తాయి. ఇది అలా రాదు. అందుకే ఈ ఉత్తరం చాలావరకు దాని గురించే.

ముందు ఒక సంగతి. నువ్వు చేరిన బీఎస్సీ ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్ నాలుగేళ్ళ కోర్సు. నిన్నమొన్నటి దాకా హోం సైన్స్ అనేవాళ్ళు. ఆహారం-పోషణ, మానవ వికాసం, వస్త్రాలు, ఇంటి వనరుల నిర్వహణ, విస్తరణ విద్య (చదివింది జనానికి చేరవేసే విద్య), ఈ ఐదూ కలిసిన చదువు అది. పసిపిల్లల వికాసం అందులో ఒక పాలు మాత్రమే. దాన్నే పూర్తిగా పట్టుకోవాలంటే పీజీలో మానవ వికాసం తీసుకోవాలి. కాబట్టి ఇప్పుడు దొరికే ఆ కొద్ది కోర్సుల్ని చెయ్యి జారనీయకు. సిలబస్‌లో కోర్సు పక్కన 3(2+1) అని ఉంటుంది. రెండు క్రెడిట్లు థియరీకి, ఒకటి ప్రాక్టికల్‌కి. ఆ ఒక్కటే కదా అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వారానికి రెండు గంటలు పిల్లల మధ్య కూర్చునే అవకాశం ఆ 'ఒకటి'లోనే ఉంది. ఇక బయోకెమిస్ట్రీ లాంటివి మొదటి వారం నుంచే చదువు. వికాసం మీద ఇష్టంతో వచ్చిన పిల్లలు బ్యాక్‌లాగ్ పడేది అక్కడే.

ఇప్పుడు పరిశీలన. రికార్డులో నూటికి తొంభై మంది రాసేది ఇలా ఉంటుంది: 'బాబు మొండిగా ఉన్నాడు. బ్లాకులు ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత బోర్ కొట్టి వెళ్ళిపోయాడు.' ఇందులో చూసింది ఏముంది? మొండితనం కంటికి కనబడదు. బోర్ కొట్టడం కూడా కనబడదు. అవి నీ మనసులో పుట్టిన మాటలు. అదే దృశ్యాన్ని ఇలా రాయాలి (పేర్ల బదులు అబ్బాయికి బి, అమ్మాయికి జి, పక్కన ఒక అంకె):

'10.12. బి-3 చాప మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో నాలుగు బ్లాకులు ఛాతీకి అదుముకున్నాడు. కుడి చేత్తో ఒక బ్లాకు నిలబెట్టాడు. పడింది. అడ్డంగా పెట్టాడు, నిలిచింది. దాని మీద ఇంకోటి. 10.14. జి-1 వచ్చి చెయ్యి చాపింది. బి-3 తల అడ్డంగా ఊపి, "ఇది బస్సు, ఇంకా కాలేదు" అన్నాడు. 10.15. చివరి బ్లాకు పెట్టి, లేచి, జి-1 చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "ఎక్కు" అన్నాడు.'

చూశావా, మొండివాడు ఎక్కడికి పోయాడో! నిలువుగా పడిపోతే అడ్డంగా పెట్టి చూశాడు. అది ఆలోచన. 'ఇంకా కాలేదు' అన్నాడు, అంటే మనసులో ఒక పథకం ఉంది, దానికి ముగింపూ ఉంది. పూర్తయ్యాక తనే పిలిచాడు. భాష, చేతి పట్టు, స్నేహం, అన్నీ మూడు నిమిషాల్లో దొరికాయి. ఒక్క 'మొండి' అనే మాట వాటన్నిటినీ మింగేసింది.

పేజీని నిలువుగా రెండు చేసుకో. ఎడమవైపు మూడొంతులు చూసిందీ విన్నదీ, పిల్లలు అన్న మాటలు అన్నట్టే. కుడివైపు ఒక వంతు నీ అర్థం, 'కావచ్చు' అంటూ. ఎడమ పక్క విశేషణం కనబడితే కొట్టెయ్. ప్రతి రెండు నిమిషాలకూ టైం వెయ్యి. పది నిమిషాలకు మించి ఒకే బిడ్డను రాయకు, చెయ్యి అలిసిపోయి వాక్యాలు కుదించేస్తావు, ఆ కుదింపులోనే మళ్ళీ 'మొండి', 'హుషారు' దూరతాయి. పేర్లు వద్దు, బి-3, జి-1 చాలు. ఫోన్‌తో ఫోటోలు తీయకు. తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అది మన హక్కు కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రోజు రాసింది ఆ రోజే సాఫు చెయ్యి. సబ్మిషన్ ముందు రాత్రి హాస్టల్లో కూర్చుని పది పరిశీలనలు అల్లితే అన్నీ ఒకే బిడ్డలా వస్తాయి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు: 'ఈ పాప ఏ చేత్తో పట్టుకుంది?'

వయసు ఎప్పుడూ సంవత్సరాలు, నెలలు, రోజుల్లో వెయ్యి. 'మూడున్నరేళ్ళు' అని రాయకు. పరిశీలన 10-7-2025, పుట్టింది 22-11-2021 అనుకో. పదిలోంచి ఇరవై రెండు పోదు, నెల (30 రోజులు) అప్పు తెచ్చుకుంటే 40-22, పద్దెనిమిది రోజులు. మిగిలిన ఆరులోంచి పదకొండు పోదు, ఏడాది అప్పు, 18-11, ఏడు నెలలు. 2024-2021, మూడేళ్ళు. 3-7-18. ఈ వయసులో కొన్ని నెలల తేడా అంటే కత్తెర పట్టగలగడానికీ పట్టలేకపోవడానికీ ఉన్నంత తేడా.

ఆటను లెక్క కట్టే ప్రాక్టికల్ ఒకటి వస్తుంది. 1932లో మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు చేసిన విభజన అది: ఊరికే ఉండటం, ఒంటరి ఆట, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళది, కలగలుపు ఆట, కలిసికట్టు ఆట. ఆమెలాగే ఒక్కో బిడ్డను ఒక్కో నిమిషం చూసి గీత పెడతావు. అందరూ తడబడేది చివరి మూడింట్లో. ఇద్దరు ఒకే ఇసుకలో చెరో గుంత తవ్వుకుంటుంటే పక్కపక్క ఆట. గరిటె ఇచ్చిపుచ్చుకుంటూ కబుర్లాడుతుంటే కలగలుపు. 'నువ్వు డాక్టర్‌వి, నేను అమ్మని, పాపకి జ్వరం' అని పాత్రలు పంచుకుంటే కలిసికట్టు. ఇంకో మాట: ఒంటరిగా ఆడుకునే బిడ్డను వెనకబడినట్టు రాయకు. ఐదేళ్ళ పిల్ల కూడా పజిల్ ముందు ఒంటరిగానే కూర్చుంటుంది.

గ్లాసు ఆకారం మారినా నీళ్ళు అంతే ఉంటాయని బిడ్డకు తెలుసా అని చూసేది, మనస్తత్వవేత్త పియాజే నీళ్ళ గ్లాసుల ప్రయోగం. అది చూడటానికి తేలిక, చెడగొట్టడం ఇంకా తేలిక. ఒకే సైజు గాజు గ్లాసులు రెండు, సన్నగా పొడుగ్గా ఉన్నది ఒకటి. మొదటి రెండింట్లో సమానంగా పొయ్యి, బిడ్డ 'రెండూ అంతే' అని తనంతట తాను ఒప్పుకునే దాకా చుక్క చుక్క సరిచెయ్యి. ఈ మెట్టు దాటేస్తే తర్వాత వచ్చే జవాబుకు విలువ లేదు. ఆ తర్వాత బిడ్డ కళ్ళ ముందే ఒక గ్లాసు నీళ్ళు పొడుగు గ్లాసులోకి వంచు. ఒలికితే మళ్ళీ మొదటికే రావాలి, ఎందుకంటే ఒలికాయి కాబట్టి తగ్గాయి అనడం సరైన జవాబే. 'ఏ దాంట్లో ఎక్కువున్నాయి?' అని అడగకు, ఎక్కడో ఎక్కువున్నాయని నువ్వే చెప్పేసినట్టు. 'ఇప్పుడు రెండిట్లో అంతే ఉన్నాయా, ఒకదాంట్లో ఎక్కువున్నాయా?' అని అడుగు. తర్వాత 'ఎందుకలా అనుకున్నావు?' అన్నది తప్పనిసరి, మార్కులు ఆ జవాబులో ఉన్నాయి.

భాష విషయంలో కూడా జాగ్రత్త. 'సమానం', 'త్రిభుజం', 'వర్గీకరించు' పిల్లల మాటలు కావు. 'ఒకేలా', 'మూడు మూలలది', 'ఒకలాంటివి ఒకచోట పెట్టు' అను. ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడే బిడ్డ నీ తెలుగు ప్రశ్నకు బదులివ్వకపోతే, 'భాషా వికాసం తక్కువ' అని రాసేయకు. ఇంటి భాషలో ఎన్ని మాటలు వచ్చో తల్లిని అడిగి రాయి. ఇది నేను పదే పదే చెబుతాను, ఎందుకంటే ఒక తప్పుడు మాట రికార్డులోకి ఎక్కితే అది బిడ్డ వెంట చాలా దూరం నడుస్తుంది.

కొలతల ప్రాక్టికల్‌లో కచ్చితత్వమే ప్రాణం. రెండేళ్ళ లోపు వాళ్ళను పడుకోబెట్టి పొడవు, ఆ పైవాళ్ళను నిలబెట్టి ఎత్తు. పడుకోబెట్టిన కొలత దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది, అందుకే రెంటినీ కలపకూడదు. పొడవు కొలవడానికి ఇద్దరు కావాలి, ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్ళు నొక్కి పాదం ఆనించాలి. ఒక్కదానివే చేస్తే సెంటీమీటరు ఇట్టే మారిపోతుంది. జబ్బ చుట్టుకొలత ఎడమ చేతికి, భుజం ఎముక కొసకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చెయ్యి వేలాడేసి ఉన్నప్పుడు తీయాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తీవ్రమైన పోషణ లోపం (టేపు మీద ఎరుపు), 12.5 లోపైతే మధ్యస్థం (పసుపు), ఆ పైన ఆకుపచ్చ. బిగించి లాగితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా పసుపులోకి వస్తుంది. వదులుగా వదిలితే ఆస్పత్రికి వెళ్ళాల్సిన బిడ్డ ఆకుపచ్చలో ఉండిపోతుంది. ఆ రెండో తప్పు అస్సలు జరగకూడదు తల్లీ.

కృత్యాలు చేయించే వంతు వచ్చినప్పుడు మట్టి బదులు పిండి ముద్ద తయారుచేసుకో. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, రెండు చెంచాల నూనె, చిటికెడు పసుపు, ముప్పావు కప్పు నీళ్ళు కొద్దికొద్దిగా. నీళ్ళు ఒకేసారి పోస్తే వేళ్ళకు అంటుకుని పిల్లలు చేతులు వెనక్కి తీసుకుంటారు. ఉప్పు తగ్గిస్తే మర్నాటికే పులిసిపోతుంది. చేతికి గాటున్న బిడ్డకు మాత్రం ఉప్పు మండుతుంది, ముందే చూసుకుని వేరే పని ఇవ్వు. ఉప్పు అంత ఉంటుంది కాబట్టి నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండు. మూడేళ్ళ లోపు వాళ్ళ దగ్గర చింతగింజలు, పూసలు, గచ్చకాయలు అసలు పెట్టకు, గొంతుకు అడ్డం పడతాయి. పన్నెండు మంది ఉంటే పద్నాలుగు మందికి సామాను సర్దుకో. కథ ఎనిమిది నిమిషాలు దాటించకు. అరగంట పాఠం రాసుకుని వెళ్ళి, పదో నిమిషంలో పిల్లలు లేచిపోతే 'సహకరించలేదు' అని రాస్తారు కొందరు. పిల్లలు కాదు, ప్లాన్ సహకరించలేదు.

థియరీలో దశల పేర్లు వరసగా అప్పజెప్పడం కాకుండా, ఒక్కో దశకు నర్సరీలో చూసింది ఒకటి రాయి. పిల్లల ఎదుగుదల మీద సిద్ధాంతాలు చెప్పిన పియాజే, వైగాట్‌స్కీ, ఎరిక్‌సన్‌లతో పాటు గిజుభాయి బధేకానీ తారాబాయి మోడక్‌నీ చదువు. 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టి మాంటిసోరీ పద్ధతిని మన పిల్లల భాషకూ మన చేతిలో ఉన్న డబ్బుకూ తగ్గట్టు మలచిన మనిషి గిజుభాయి. తర్వాత తారాబాయి దాన్ని ఊళ్ళకు, ఆదివాసీ వాడలకు తీసుకుపోయారు. పరీక్షలో వీళ్ళను ఒక లైనులో తేల్చేస్తారు, నువ్వు తేల్చకు.

ఉద్యోగం గురించి అడిగావు. అంగన్‌వాడీలు నడిపే పథకం ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు అంగన్‌వాడీ లేని ఊరు చూడటం కష్టం. సూపర్‌వైజర్, సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులకు హోం సైన్స్ డిగ్రీని అర్హతల్లో చూపిస్తూ వచ్చారు, కానీ ప్రతి నోటిఫికేషన్‌లో డిగ్రీ పేరు అక్షరం అక్షరం సరిచూసుకోవాలి, పేరు మారాక చిక్కులు అక్కడే వస్తాయి. 2020 విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళను ఒకే పునాది దశ చేసింది, కాబట్టి ఒకటి, రెండు తరగతుల పుస్తకాలు కూడా తిరగెయ్యి. స్కూల్లో టీచరు కావాలంటే ఈ డిగ్రీ ఒక్కటే చాలదు, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, గుర్తించిన ట్రైనింగ్ కావాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని చేయాలంటే పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ కావాలి. 'పిల్లల్ని ఆడించడానికి డిగ్రీ ఎందుకు' అనే చుట్టాల మాట పట్టించుకోకు. వాళ్ళతో వాదించే టైంలో ఒక పరిశీలన సాఫు చేసుకోవచ్చు.

పార్సిల్‌లో రెండు పొడుగు నోటుపుస్తకాలు, నాలుగు పెన్సిళ్ళు, రెండు జేబులున్న ఏప్రన్ పెట్టాను. పెన్ను కంటే పెన్సిలే నయం, పిల్లల తడి చేతులు తగిలినా రాత చెరగదు. ప్రతి పుస్తకంలో మొదటి పది పేజీలకు నిలువు గీత నేనే గీశాను. మిగతావి నువ్వు గీసుకో. మంగళవారం రాసిన మొదటి పేజీ ఫోటో తీసి పంపు, పేర్లు లేకుండా. ఎడమ పక్కన ఏ మాట కొట్టెయ్యాలో చూసి చెబుతాను.

అమ్మ