సుధీర్‌కి: మూడు ల్యాబ్‌లు ఒకేసారి వద్దురా

ప్లేనో, టెక్సస్
జులై 20

ఒరేయ్ సుధీర్,

నీ మెసేజ్ చూశాను. మెడికల్ స్కూలుకి అప్లై చేయడానికని ఫాల్ సెమిస్టర్‌కి (ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా) ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ మూడూ కలిపి పెట్టేసుకున్నావని, మూడింటికీ ల్యాబ్‌లు ఉన్నాయని, పైగా సైకాలజీ కూడా తగిలించావని రాశావు. "ఇంటర్‌లో ఇంతకంటే ఎక్కువే చదివాం కదరా" అన్నావు. ఫోన్‌లో మాట్లాడితే సగం కబుర్లలో కొట్టుకుపోతుంది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా తీరిగ్గా చదువు.

ముందు నా మాట చెప్పేస్తాను. ఈ సెమిస్టర్‌కి ఫిజిక్స్ తీసెయ్.

నువ్వు చదవలేవని కాదు. నీ తెలివి నాకు ఆరో క్లాసు నుంచీ తెలుసు. గుంటూరులో ట్యూషన్‌కి వెళ్ళే రోజుల్లో కూడా నాకు అర్థం కానివి నువ్వే చెప్పేవాడివి. నా గొడవంతా గంటల గురించి. క్రెడిట్లు చూసుకుని "పదిహేనేగా" అంటున్నావు. ల్యాబ్ కాగితం మీద ఒక్క క్రెడిట్, గడియారం మీద మాత్రం మూడు గంటలు. వెళ్ళే ముందు ప్రీ-ల్యాబ్ రాయాలి, వచ్చాక రిపోర్ట్ రాయాలి. నీ వారం నేను లెక్కేశాను చూడు. నాలుగు సబ్జెక్టుల లెక్చర్లు 12 గంటలు, ల్యాబ్‌లు 9, రెసిటేషన్లు (చిన్న గ్రూపుల్లో ప్రాబ్లమ్‌లు చేయించే క్లాసులు) 2. క్లాసులోనే 23 గంటలు. లెక్చర్ గంటకి బయట కనీసం రెండు గంటలు చదవాలని ప్రతి ప్రొఫెసరూ మొదటి రోజే చెబుతారు. అది 24. ల్యాబ్ రిపోర్టులకి తలా రెండు గంటలు వేసుకుంటే 6. మొత్తం 53. దీని మీద మీ మామయ్య గారి గ్యాస్ స్టేషన్‌లో 15 గంటలు. 68 అయింది. ఇంకా బస్సు ప్రయాణం, వంట, బట్టలు ఉతుక్కోవడం, హాస్పిటల్లో వాలంటీరింగ్ ఏవీ కలపలేదు. మామూలు వారం లెక్క ఇది. నాలుగో వారమో ఐదో వారమో వస్తుంది చూడు, మూడు మిడ్‌టర్మ్‌లూ నాలుగు రోజుల్లో పడతాయి. ఆ వారంలో కూడా ల్యాబ్‌లు ఆగవు.

నేను మా యూనివర్సిటీ లెర్నింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ ట్యూటర్‌గా చేస్తున్నాను కదా, సెప్టెంబర్ నెలాఖరుకి నా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలివి తక్కువ వాళ్ళు ఎవరూ కనిపించరు. రెండు వారాలు వెనకబడి, ఏ సబ్జెక్టు ముందు పట్టుకోవాలో తెలియక వస్తారు. ఆర్గానిక్‌లో ఒక వారం వదిలేస్తే అది అక్కడే ఆగదు, అప్పు మీద వడ్డీలా పెరుగుతుంది. యాసిడ్-బేస్ సరిగ్గా రాకపోతే సబ్‌స్టిట్యూషన్ రాదు, అది రాకపోతే ఎలిమినేషన్ రాదు. తర్వాత చెప్పేదంతా గోడ మీద రాసిన అక్షరాల్లాగే మిగిలిపోతుంది.

ఇంటర్ సంగతి. బైపీసీ చదువు ఊరికే పోలేదురా, అది నిజం. సెల్ బయాలజీ, జెనెటిక్స్, మనిషి శరీరం గురించిన చాప్టర్లు నీకు బాగా పనికొస్తాయి. కానీ అక్కడ మన రోజంతా వేరేవాళ్ళు నడిపించేవాళ్ళు. స్టడీ అవర్ ఎప్పుడో, టెస్ట్ ఎప్పుడో, నిద్ర ఎప్పుడో అన్నీ బెల్లు ప్రకారమే. ఇక్కడ రెండు క్లాసుల మధ్య మూడు గంటలు ఖాళీ ఉంటే ఎవ్వరూ అడగరు. రెండోది, పరీక్ష తీరు. ఒక కీటోన్ ఇచ్చి, దాని మీద గ్రిన్యార్డ్ రియేజెంట్ (కార్బన్, మెగ్నీషియం కలిసిన రసాయనం) వేస్తే ఏమొస్తుందంటే మనం "టెర్షియరీ ఆల్కహాల్" అని బిట్ పెట్టేసి ముందుకెళ్ళేవాళ్ళం. ఇక్కడ అదే అణువులో ఒక చివర కీటోన్, ఇంకో చివర ఓహెచ్ గ్రూపు పెట్టి అడుగుతారు. గ్రిన్యార్డ్ కీటోన్ దాకా వెళ్ళకముందే ఓహెచ్ మీది ప్రోటాన్‌ని లాగేసుకుంటుంది. వేసిన రియేజెంట్ అక్కడే ఖర్చయిపోతుంది, నీకు కావాల్సిన రియాక్షన్ జరగదు. అందుకని ముందు ఆ ఓహెచ్‌ని సిలైల్ ఈథర్‌గా మార్చి దాచాలి, గ్రిన్యార్డ్ వెయ్యాలి, చివర్లో ఆ ముసుగు తీసెయ్యాలి. మూడు స్టెప్పులూ బాణాలతో సహా గీసి చూపించాలి. జవాబు గుర్తున్నా ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో చెప్పలేకపోతే మార్కులు రావు. దీనికి బట్టీ పనిచేయదు. సమయం కావాలి, అదీ రోజూ కొంచెం కొంచెంగా కావాలి.

నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. క్లాసయిన సాయంత్రం నోట్సు మూసేసి, ఖాళీ కాగితం మీద ఆ రోజు చెప్పిన మెకానిజం, అంటే రియాక్షన్ ఒక్కో అడుగూ ఎలా జరుగుతుందో, మొదటి నుంచి గీస్తాను. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడే పుస్తకం తెరుస్తాను. మర్నాడు మళ్ళీ ఖాళీ కాగితం. మూడు రోజుల తర్వాత ఇంకోసారి. నోట్సుని రంగురంగుల హైలైటర్లతో నింపి నాలుగుసార్లు చదివేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, అంత కష్టమూ వృథాగా పోతోందే అని. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని మీద ప్రయోగం చేశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళకి ఎక్కువ గుర్తుంది. మన పరీక్షలన్నీ వారాలు, నెలల తర్వాత వచ్చేవే కదా. ఆంకీ అనే యాప్‌లోని ఫ్లాష్ కార్డులు బయాలజీకి, తర్వాత బయోకెమిస్ట్రీలో ఇరవై అమైనో ఆమ్లాలకి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మెకానిజమ్‌లకి మాత్రం కాగితం, పెన్సిలే.

ఇప్పుడు అసలు భయం దగ్గరికొద్దాం. మెడికల్ స్కూళ్ళ అప్లికేషన్‌లో మొత్తం జీపీఏ (గ్రేడ్ల సగటు, నాలుక్కి) ఒకటి, సైన్స్ జీపీఏ ఒకటి విడిగా లెక్కేస్తారు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నాలుగూ ఆ రెండోదాంట్లోకి వస్తాయి. ఒక కోర్సులో 'సీ' గ్రేడ్ వచ్చిందనుకో, మళ్ళీ తీసుకుని 'ఏ' గ్రేడ్ తెచ్చుకున్నా పాత 'సీ' చెరిగిపోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. ఆస్టియోపతిక్ కాలేజీల (ఇక్కడ డాక్టర్ అవడానికి ఎండీ కాక ఉన్న రెండో దారి, డీఓ డిగ్రీ ఇచ్చేవి) అప్లికేషన్‌లో పాత గ్రేడ్ బదులు కొత్తది తీసుకునే పద్ధతి ఉండేది, 2017లో అదీ తీసేశారు. దేశమంతా కలిపి ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే ఎండీ కాలేజీల్లో చేరేది సుమారు 23 వేల మంది. చేరినవాళ్ళ సగటు జీపీఏ 3.7కి పైనే. అందుకని మూడు సైన్సులు కలిపి ఎలాగో గట్టెక్కి బీలు తెచ్చుకోవడం కంటే, రెండే తీసుకుని రెండూ బాగా చేయడం ఎంతో మేలు. ఎక్కువ తీసుకున్నందుకు విడిగా మార్కులేమీ వెయ్యరురా.

మరి ఫిజిక్స్ ఎప్పుడంటావా? వచ్చే వేసవిలో. రెండు భాగాలూ వేసవిలోనే ఇస్తారేమో మీ అడ్వైజర్‌ని అడుగు. అది ఒక్కటే ఉంటుంది కాబట్టి రోజంతా దాని మీదే కూర్చోవచ్చు. బైపీసీలో మనకి మ్యాథ్స్ లేదు కదా, కాలిక్యులస్ ఫిజిక్స్ జోలికి పోకు. ఆల్జీబ్రా ఫిజిక్స్‌ని చాలా మెడికల్ స్కూళ్ళు ఒప్పుకుంటాయి. మెడికల్ స్కూళ్ళ ఎంట్రన్స్ పరీక్ష ఎంక్యాట్‌లో కూడా కాలిక్యులస్ అడగరు. అందులో కాలిక్యులేటర్ కూడా ఇవ్వరు, కాబట్టి ఇప్పటి నుంచే చేత్తో గుణకారాలు, లాగరిథమ్‌లు అంచనా వేయడం అలవాటు చేసుకో. ఆర్గానిక్‌ని మాత్రం ఎవరెంత చెప్పినా వేసవిలో పెట్టుకోకు. అది నెమ్మదిగా లోపలికి దిగాల్సిన సబ్జెక్టు.

కాబట్టి ఇప్పుడు ఆర్గానిక్, బయాలజీ, సైకాలజీ ఉంచుకో. ఇంకోటి కావాలంటే స్టాటిస్టిక్స్ పెట్టుకో, దానికి ల్యాబ్ ఉండదు. సైకాలజీ తేలికని వదిలెయ్యకు. 2015 నుంచి ఎంక్యాట్‌లో దానికి, సోషియాలజీకి కలిపి ఒక పూర్తి సెక్షన్ ఉంది, నాలుగింటిలో ఒకటి. స్ప్రింగ్‌లో ఆర్గానిక్, బయాలజీల రెండో భాగాలు. మూడో ఏడాది బయోకెమిస్ట్రీ. దాని కోసం నాకున్నంత ఎదురుచూపు నీకూ ఉండాలని కోరిక. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే బయోకెమిస్ట్‌తో కలిసి 1929లో ఏటీపీ (మన కణాలకి శక్తినిచ్చే అణువు) గురించి ప్రకటించారు. క్లాసులో ఏటీపీ బొమ్మ బోర్డు మీద వేసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆయన బోస్టన్ వచ్చి, హాస్పిటల్లో రాత్రిపూట పనిచేస్తూ చదువుకున్నారు.

ఇంకో విషయం, ఇది చాలా ముఖ్యం. ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళు. మన కాలేజీల్లో స్టాఫ్ రూముకి పిలిచారంటే చివాట్లకే, అందుకే మనకి ఆ గుమ్మం తొక్కాలంటే టెన్షన్. ఇక్కడ ప్రొఫెసర్లు ఆ గంట మన కోసమే కూర్చుంటారు, చాలాసార్లు ఒక్కళ్ళూ రారు. "ఏమీ అర్థం కాలేదు సార్" అని వెళ్ళకు. నువ్వు గీసిన కాగితం పట్టుకెళ్ళి "ఇక్కడి దాకా వచ్చింది, ఈ బాణం ఎందుకిలా?" అని అడుగు. మూడుసార్లు వెళితే నీ పేరు గుర్తుపెట్టుకుంటారు. రెండేళ్ళ తర్వాత సైన్స్ ప్రొఫెసర్ల దగ్గర రికమెండేషన్ లెటర్లు కావాలి. మూడొందల మంది క్లాసులో పేరు కూడా తెలియని కుర్రాడి గురించి వాళ్ళు ఏం రాస్తారు చెప్పు?

ఇంట్లో తొందర పెడుతున్నారని కూడా రాశావు. మీ పెదనాన్న కొడుకు అక్కడ ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో ఉన్నాడని, నువ్వింకా "మామూలు డిగ్రీ"లోనే ఉన్నావని ఆంటీ దిగులు పడుతున్నారట. ఆంటీకి ఇలా చెప్పు. అక్కడ ఇంటర్ తర్వాత నీట్ రాసి నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇక్కడ మెడికల్ స్కూలుకి ముందు డిగ్రీ అనేది నిన్న మొన్న వచ్చిన పద్ధతి కాదు. జాన్స్ హాప్‌కిన్స్ 1893లో మెడికల్ స్కూలు తెరిచినప్పుడే డిగ్రీ ఉండాలని పట్టుబట్టింది. 1910లో మెడికల్ కాలేజీల లోపాలు ఎత్తిచూపిన ఫ్లెక్స్‌నర్ రిపోర్ట్ వచ్చాక మిగతా కాలేజీలు కూడా అదే దారి పట్టాయి. దారే పొడుగు, మన ఆలస్యం కాదు. అవసరమైతే డిగ్రీ తర్వాత ఒక ఏడాది ఆగి అప్లై చేసినా తప్పులేదు. ఇప్పుడు మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళలో సగం కంటే ఎక్కువ మంది అలా ఆగి వచ్చినవాళ్ళే. "ఏడాది ఖాళీగా కూర్చుంటాడా?" అని మీ నాన్నగారు అడుగుతారు, నాకు తెలుసు. ఖాళీ ఏమీ ఉండదు. ఆ ఏడాది డాక్టర్ల దగ్గర పేషెంట్ల నోట్సు రాసే స్క్రైబ్‌గానో రీసెర్చ్ ల్యాబ్‌లోనో పనిచేస్తారు, జీతం కూడా వస్తుంది.

గ్యాస్ స్టేషన్ పని మానెయ్యమని చెప్పను, డబ్బు సంగతి నాకూ తెలుసు. కానీ ఆ 15 గంటలూ శని, ఆదివారాల్లోకి సర్దమని మామయ్య గారిని అడుగు. మిడ్‌టర్మ్ వారాలు ఆగస్టులోనే సిలబస్ చూసి క్యాలెండర్‌లో రాసి ఆయనకి ఇచ్చెయ్. ముందు చెబితే వింటారు, ముందు రోజు చెబితే ఎవరికైనా కోపం వస్తుంది. నువ్వు అడగలేకపోతే నేను ఫోన్ చేస్తాను, మొహమాటం లేదు నాకు.

నిద్ర మాత్రం తగ్గించుకోకు. రాత్రంతా మేలుకుని చదివింది పొద్దున పరీక్ష దాకా కూడా నిలవదు. వంటకి ఆదివారం రెండు గంటలు పెట్టుకో. పప్పు, ఒక కూర చేసి డబ్బాల్లో సర్దుకుంటే గురువారం దాకా అన్నం వండుకుంటే చాలు.

రేపే అడ్వైజర్ అపాయింట్‌మెంట్ తీసుకో. ఫిజిక్స్ తీసేశాక కొత్త టైమ్‌టేబుల్ ఫోటో పంపు, రెండు ల్యాబ్‌లూ ఒకే రోజు పడకుండా ఇద్దరం కలిసి చూద్దాం. ఆర్గానిక్ పుస్తకం, మోడల్ కిట్ కొనకు. నావి ఉన్నాయి, పుస్తకం మార్జిన్లలో నా నోట్సు కూడా ఉంది. కొత్త అడ్రస్ పంపితే ఈ వారమే పోస్ట్ చేస్తాను. నానమ్మ గారికి నమస్కారాలు చెప్పు, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో రాయి.

నీ
రవి