మా తండాల ఆటో తోలేటోడు ఒక్కడే

సంపాదకులు గారికి,

నల్లగొండలో కోర్టుకు దగ్గర్లో నాది చిన్న జిరాక్స్ షాపు. పదకొండేళ్లుగా ఎఫ్ఐఆర్‌లు, చార్జిషీట్లు నా చేతుల మీదుగానే పోతున్నాయి. ఈమధ్య ఒక తల్లి పరిహారం దరఖాస్తు కాపీల కోసం వచ్చింది. ఆ కాగితాల మధ్యలోంచి మడతపెట్టిన మీ జిల్లా పేజీ జారిపడింది. తీసిస్తుంటే అంది: "పేరు రాయలేదు గదా అంటున్నరమ్మా. మా తండాల ఆటో తోలేటోడు ఒక్కడే."

నిజమే, ఆమె బిడ్డ మీద జరిగిన అత్యాచారం గురించి మీరు వేసిన వార్తలో పేరు లేదు. మండలం ఉంది, తండా ఉంది, తండ్రి ఆటో డ్రైవరని ఉంది, బిడ్డ ఇంటర్ రెండో సంవత్సరమని ఉంది. నలభై గడపల ఊళ్లో ఇక దాచిందేమిటి?

నేను ఇంటర్ తప్పినదాన్ని. అయినా షాపుకొచ్చే వకీలు సాబ్‌ను అడిగి పుస్తకాలు తెచ్చుకొని కూడబలుక్కొని చదివాను. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని 1983లోనే భారత శిక్షాస్మృతిలో (ఐపీసీ) 228ఏ సెక్షన్ పెట్టారు. అంతకుముందు 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళకు జరిగిన ఘోరానికి నగరమే భగ్గుమంది. (ఆమె పేరు ఇప్పటికీ జనం నోళ్లలో ఉంది. ఆ పోలీసుల పేర్లు ఎవరికి గుర్తున్నాయి?) 2024 జూలై 1 నుంచి అదే నేరం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కిందికి వచ్చింది. రెండేళ్ల దాకా జైలు, జరిమానా. పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో, పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో 23వ సెక్షన్ ఇంకా విడమరిచింది: ఇంటివాళ్ల వివరాలు, చదివే బడి, ఉండే చోటు, ఏవీ రాయకూడదు. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, ఆనవాలు పట్టించే ఏ వివరమూ అచ్చు వేయొద్దంది. మీ విలేకరి మాత్రం పేరు ఒక్కటి తీసేస్తే చాలనుకున్నట్టున్నారు.

నా తప్పూ చెప్పాలి. ఖరాబైన జిరాక్స్ కాపీలను ఇన్నాళ్లూ మిర్చి బజ్జీల బండి అతనికి ఇచ్చేదాన్ని. వాటిలో ఎవరి స్టేట్‌మెంట్లు పోయాయో ఏమో, తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు ఏ రోజువి ఆ రోజే కాల్చేస్తున్నాను.

ఈ ఉత్తరం వేస్తే నా పేరుగానీ షాపు పేరుగానీ వేయకండి. ఇక్కడికి ఎవరెవరు వచ్చారో లెక్క తీసేవాళ్లు ఉంటారు.

మీ పాఠకురాలు,
నల్లగొండ