తాతయ్య డబ్బా అమ్మే ముందు ఒక్కసారి ఆగు

కన్నా,

తాతయ్య పాత నాణేలవి నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. "అయస్కాంతానికి ఒక్కటీ అంటుకోలేదమ్మా, అన్నీ ఒరిజినలే, వచ్చే వారం అమ్మేస్తున్నా" అని కింద రాశావు చూడు, నాకు టెన్షన్ మొదలైంది అక్కడే. అయస్కాంతం చెప్పేది ఒక్కటే, అందులో ఇనుము లేదని. రాగి, ఇత్తడి, సీసం ఏవీ అయస్కాంతానికి అంటుకోవు, వాటితోనూ దొంగ నాణేలు చేస్తారు. అలాగని ఆ పరీక్ష దండగ అనను. 1943లో అమెరికాలో యుద్ధం కోసం రాగి మిగుల్చుకోవాలని సెంటు నాణేన్ని జింకు పూత వేసిన ఉక్కుతో కొట్టారు, పొరపాటున కొన్ని మాత్రం రాగివి పడ్డాయి, వాటికి ఎంత గిరాకీ అంటే ఉక్కు సెంటుకి రాగి పూత పూసి అమ్మేవాళ్ళు తయారయ్యారు. అలాంటి దాన్ని అయస్కాంతం ఒక్క క్షణంలో పట్టిస్తుంది. మరి 1948 సెంటు తీసుకుని ఎనిమిదిని గీకి మూడు చేసిన దాన్ని ఏం పట్టిస్తుంది? అది అచ్చమైన రాగి సెంటే కదా. అక్కడ భూతద్దం పెట్టి అంకె చుట్టూ చూడాల్సిందే.

ఇంకో మాట, ఫోటోల కోసం వాటిని తోమకు. దయచేసి. నీ వయసులో నేను తాతయ్యకి చెప్పకుండా ఒక మోర్గాన్ డాలరుని, అదే పాత అమెరికా వెండి డాలరుని, టూత్‌పేస్ట్ పెట్టి తళతళలాడేలా తోమాను, ఆయన మెచ్చుకుంటారనుకున్నాను. కొనడానికి వచ్చినాయన దాన్ని దీపం కింద అటూ ఇటూ వంచి చూసి, "నాణెం అసలుదేనమ్మా, కానీ దీని ముఖం గీకేశారు" అన్నాడు. నిజమే, సన్నటి గీతలు ఒకే దిక్కుకి వందల కొద్దీ ఉన్నాయి. తాతయ్య ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. ధర పడిపోవడం ఒక్కటే కాదు, అక్షరాల సందుల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న నలుపు, మీద పట్టిన రంగు, ఇవన్నీ ఆ నాణేనికి సాక్ష్యాలు. మనమే తుడిచేస్తే రేపు నిజమైన నాణేన్ని కూడా నమ్మించలేం.

ముందు గ్రాములో వందో వంతు చూపించే త్రాసు సంపాదించు. బరువు తెలిసిన వస్తువేదైనా తూచి అది సరిగ్గా ఉందో లేదో చూసుకో, తర్వాత పెద్ద వెండి నాణెంతో మొదలుపెట్టు, అదే ఆస్ట్రియా మహారాణి మరియా థెరిసా బొమ్మ ఉన్న థేలర్, 1780 అని ఉన్నది. దాని బరువు 28.07 గ్రాములు ఉండాలి, అందులో వెండి వెయ్యికి 833 పాళ్ళు, మిగతాది రాగి. అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగడం మామూలే, అరిగిపోయి కూడా ఎక్కువ తూగితే మాత్రం అనుమానించు. చేతుల్లో అరిగి బరువు పెరిగిన నాణెం నేనింతవరకు చూడలేదు.

బరువు సరిపోతే చాలదు, మందం పెంచి ఎవరైనా సరిపెట్టగలరు. గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టు, రీడింగ్‌ని సున్నా చెయ్యి. థేలర్‌కి సన్నటి దారం కట్టి నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయి, అడుక్కీ గోడలకీ తగలకూడదు, బుడగలు పట్టుకుని ఉంటే మెల్లగా ఒకసారి కదుపు. ఇప్పుడు త్రాసు చూపించేది నాణెం బరువు కాదు, అది పక్కకి నెట్టిన నీళ్ళ బరువు. 28.07ని ఆ అంకెతో భాగిస్తే 10.2 దగ్గరికి రావాలి, అంటే త్రాసు మీద 2.75 అటూఇటూగా కనపడాలి. 3 దాటిందంటే అది ఆ వెండి కాదు. ఆర్కిమెడిస్ కాలం నాటి లెక్కే, నీకు స్కూల్లో చెప్పినప్పుడు నిద్రపోయి ఉంటావు. తీశాక రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దు.

ఆ థేలర్ అన్నీ పాసైనా "1780 నాటిది" అని మాత్రం రాయొద్దు. ఆ మహారాణి పోయిందే ఆ సంవత్సరం, కానీ ఆమె బొమ్మ ఉన్న నాణేన్నే జనం నమ్మి వ్యాపారానికి వాడేవాళ్ళు కాబట్టి అదే సంవత్సరం వేసి వియన్నాలోనే కాక లండన్‌లో, బొంబాయిలో, ఇంకా చాలా చోట్ల 20వ శతాబ్దంలో కూడా కొడుతూనే వచ్చారు. అంటే నాణెం అసలుదే, వయసే వేరు. అంచు మీద న్యాయం, కరుణ అనే అర్థం వచ్చే లాటిన్ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి, తిప్పి చూడు. అసలు ఏ నాణేనికైనా అంచు చూడడం అలవాటు చేసుకో, ముఖం బాగా చేసిన దొంగలు కూడా అక్కడ బద్ధకిస్తారు. అసలు నాణేన్ని అచ్చుతో కొడతారు, పోత పోసిన దొంగ నాణేనికైతే మూసలో రెండు ముక్కలు కలిసిన చోట అంచు చుట్టూ సన్నటి గీత ఉంటుంది, కొందరు దాన్ని ఆకురాయితో అరగదీస్తారు, ఆ అరగదీసిన గుర్తులైనా మిగులుతాయి.

బ్రిటిష్ వాళ్ళ బంగారు నాణెం సావరిన్ విషయంలో నీళ్ళ లెక్క చేసినా గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవద్దు. 7.98 గ్రాములు, 22 మిల్లీమీటర్ల వ్యాసం, నీళ్ళలో 0.45 దగ్గర రావాలి, ఇత్తడిదైతే దాదాపు రెట్టింపు చూపిస్తుంది కాబట్టి ఆ మోసం వెంటనే తేలిపోతుంది. చిక్కల్లా 20వ శతాబ్దం మధ్యలో లెబనాన్ వైపు తయారైన దొంగ సావరిన్లతో, చాలావాటిలో బంగారం సరిగ్గానే వేశారు! బంగారంగా అమ్ముకుంటే పెద్దగా నష్టం లేదు, అరుదైన సంవత్సరం అని ఎక్కువకి అమ్మితే మాత్రం మోసమే. అక్కడ చూడాల్సింది లోహం కాదు, పనితనం. సావరిన్ వెనకవైపు సెయింట్ జార్జ్ గుర్రం ఉందే, 1817లో పిస్ట్రుచ్చి అనే శిల్పి చెక్కిన బొమ్మ, దాని జూలు, రౌతు వేళ్ళు, అక్షరాల మొనలు పదింతలు చూపే భూతద్దంలో పదునుగా ఉన్నాయా, సబ్బు మీద గీసినట్టు మెత్తబడి ఉన్నాయా? ఖాయంగా అసలుదని తెలిసిన దాని ఫోటో పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం పోల్చు.

ఇప్పుడు అసలు నా నిద్ర చెడగొట్టిన విషయం. విక్టోరియా వెండి రూపాయలు రెండు ఉన్నాయి కదా, 1862వి. రెండూ ఒకే సంవత్సరం అయినందుకు నాకేం అనుమానం లేదు, ఆ సంవత్సరం వేసే తర్వాత కూడా ఏళ్ళ తరబడి కొట్టారు. నాలుగో ఫోటోనీ ఏడో ఫోటోనీ పెద్దవి చేసి పక్కపక్కన పెట్టు. రాణి చెంప మీద, నోటి కొస పక్కన, చిన్న గుంట. రెండింటికీ అదే చోట, అదే ఆకారం. ముక్కుకి ఎదురుగా ఖాళీ జాగాలో వంకర గీత కూడా రెండింటికీ ఉంది. ఉబ్బెత్తు చుక్క అయితే పోనీలే అనుకునేదాన్ని, అచ్చులో ఎక్కడో పెచ్చు ఊడితే ఆ అచ్చుతో కొట్టిన నాణేలన్నిటికీ అలాంటి ఉబ్బు వస్తుంది. కానీ గుంట, గీత అంటే కింద పడ్డప్పుడో సంచిలో ఒరుసుకున్నప్పుడో తగిలే దెబ్బలు. రెండు నాణేలు ఒకే చోట ఒకేలా దెబ్బ తినవు నాన్నా. ఒకదాని నుంచి మూస తీసి రెండోది పోసి ఉండాలి, లేదా రెండూ మూడోదాని పిల్లలు. 11.66 గ్రాములు ఉండాలి, తూచి చెప్పు. ఆ గుంట అడుగు ఎందులో పదునుగా ఉందో, ఎందులో గుండ్రంగా కరిగినట్టు ఉందో కూడా చూడు.

అరుగుదల ఉంది కదా అంటావేమో. అరుగుదల కూడా తయారు చేస్తారు. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో బెకర్ అనే ఆయన పురాతన నాణేల అచ్చులు చేత్తో చెక్కి నకిలీలు కొట్టేవాడు, వాటిని ఇనుప రజనున్న పెట్టెలో పోసి బండికి కట్టి తిప్పి పాతవిగా చేసేవాడని చెబుతారు. నిజంగా చేతులు మారి అరిగిన నాణెం ఎత్తైన చోట్ల ముందు అరుగుతుంది, రాణి చెంప, చెవి పైన జుట్టు, అక్షరాల చాటున ఉన్న చోటు మాత్రం అలాగే ఉంటుంది. అంతా ఒకే రకంగా మసకబారి ఉంటే సంతోషపడకు.

ప్లాస్టిక్ డబ్బీలో సీల్ చేసి గ్రేడు వేసి ఇచ్చే సంస్థల గురించి అడిగావు. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి, మంచివే, కానీ ఆ డబ్బీలకి కూడా నకిలీలు వచ్చాయి కాబట్టి ఎవరైనా అలాంటిది చూపిస్తే పైనున్న నంబరుని వాళ్ళ సైట్‌లో కొట్టి ఫోటో కలుస్తుందో లేదో చూడాలి. మనవాటిలో సావరిన్ ఒక్కటి పంపిద్దాం. మిగతావాటికి ఆ ఖర్చు దండగ. ఇక తూకం వేయకముందే కొంటానని తొందరపెట్టేవాడికి ఏదీ ఇవ్వకు, వాడికి మనకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది.

రెండు రూపాయలనీ విడిగా కాగితంలో చుట్టి పక్కన పెట్టు, దొంగవని తేలితే పారేయొద్దు, అమ్మొద్దు, నాకు పంపించు. తాతయ్యకి తెలిసే ఉంటుందేమో అని ఒక అనుమానం ఉంది, ఆయన వాటిని ఎప్పుడూ డబ్బా అడుగున వేరే సంచిలో ఉంచేవారు, అడిగితే మాట మార్చేవారు. ఈ రాత్రికి వాటి అంచులు ఫోటో తీసి పంపు. ఫ్లాష్ వద్దు, దీపం పక్కనుంచి పడేలా పెట్టి తియ్యి, నీడలో గీత ఉంటే తెలుస్తుంది.

అమ్మ