ఎంతకు కొన్నారని అడిగారు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ప్లాస్టిక్ ఇటుకల బొమ్మల మీద ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చదివాను. డబ్బా విప్పడం, పుస్తకంలో బొమ్మ చూసి ముక్కలు బిగించడం, అలమరలో పెట్టి దుమ్ము తుడవడం, ఇందులో పిల్లలు నేర్చుకునేది ఏముంది, వేలకు వేలు దండగ అని ఆమె బాధ. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే ముందు నా గొప్పలు కత్తిరించండి, శనగల సంగతి మాత్రం ఉంచండి.

నేను సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో ముప్పై ఒక్క ఏళ్లు షావెల్ ఫిట్టర్‌గా, అంటే మట్టి, బొగ్గు తవ్వి ఎత్తిపోసే పెద్ద యంత్రాలను బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యాను. ఎక్కువ కాలం మణుగూరులో. మా మనవరాలు తొమ్మిదో తరగతి. రెండేళ్ల కిందట మా పెద్దమ్మాయి అమెరికా నుంచి వచ్చింది. వెళ్లేటప్పుడు ఆవకాయ మోసే సూట్‌కేసు ఈసారి లెగో టెక్నిక్ ముక్కలు మోసుకొచ్చింది. ఆ ప్లాస్టిక్ ఇటుకల్లోనే పళ్ల చక్రాలు, ఇరుసులు, మోటార్లతో వచ్చే రకం అది. వాళ్ల పిల్లలు ఆడుకుని వదిలేసినవి, నాలుగు కిలోల పైచిలుకు. ఏ డబ్బాలోవి ఏవో తెలియదు, బిగించే పద్ధతి చెప్పే పుస్తకాలు ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాయి. ఆ పుస్తకాలు పోవడమే మా అదృష్టం.

మా పిల్ల ముందు అడిగింది వేరు. లీబెర్ కంపెనీ ఆర్ 9800 అనే గని ఎక్స్‌కవేటర్‌కు, అంటే ఇలాంటి పెద్ద షావెల్‌కే, 2019లో లెగో వాళ్లు ఒక నమూనా తెచ్చారు. 4,108 ముక్కలు, ఏడు మోటార్లు. దాని ధర చూసి మా అబ్బాయి ఫోను బోర్లా పెట్టేశాడు. 'అయితే నేనే చేస్తాను తాతయ్యా, నువ్వు షావెల్ లోపల ఏముంటుందో చెప్పు చాలు' అంది. చెప్పడానికి నాకు ఎవరూ దొరక్క నాలుగేళ్లైంది. కూర్చున్నాను.

మొదట కంప్యూటర్లో గీసింది. దానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ముక్కలన్నీ తెర మీదే అమర్చుకోవచ్చు. తెర మీద షావెల్ అద్భుతంగా నిలబడింది. ఆ తెర లోపల బరువు అనేది లేదు మరి. గచ్చు మీద పెట్టి బూమ్, అంటే బకెట్‌ను మోసే పెద్ద చెయ్యి, ఎత్తమంటే కటకటమని చప్పుడు. ఆ చప్పుడు విని నేను వంటింట్లోంచి లేచి వచ్చాను, ఎందుకంటే పళ్లు దాటే చప్పుడు ఇనుమైనా ప్లాస్టిక్ అయినా ఒకటే. 8 పళ్ల చక్రంతో 24 పళ్ల చక్రాన్ని, మళ్లీ 8తో 24ను తిప్పించింది. అంటే మోటారు తొమ్మిది చుట్లు తిరిగితే బూమ్ ఇరుసు ఒక చుట్టు. ఖాళీ బకెట్ లేచింది. వంద గ్రాముల శనగలు పోస్తే లేచినట్టే లేచి, మోటారు ఆపగానే వెనక్కి కూలబడింది.

అప్పుడు వార్మ్ గేరు చూపించాను. స్క్రూ లాంటి ముక్క అది. అది ఒక చుట్టు తిరిగితే 24 పళ్ల చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. వార్ము చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం వార్మును తిప్పలేదు. కరెంటు పోయినా బూమ్ అక్కడే నిలుస్తుంది. శనగలతో సహా నిలిచింది. పిల్ల గంతులు వేసింది. నేను వేయలేదు, నాకు పాత అలవాటు ఒకటి ఉంది.

గనిలో బూమ్ ఎత్తి, ఇంజిన్ ఆపి, నూనె ఒత్తిడితో దాన్ని ఎత్తి పట్టే సిలిండర్ రాడ్డు కొంతసేపట్లో ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి జారిందో స్కేలు పెట్టి చూస్తాం. జారితే సీలు పోయినట్టు, లేదా వాల్వు లోపల కారుతున్నట్టు. అదే పరీక్ష ఇంట్లో పెట్టాను. శనగలు నింపిన బకెట్‌ను గోడ పక్కన గాల్లో ఉంచి, దాని పంటి ఎదురుగా పెన్సిల్‌తో గీత గీసి, పడుకున్నాం. పొద్దున్నే పిల్ల పళ్లు తోముకోకుండానే వెళ్లి చూసింది. ఆరు మిల్లీమీటర్లు దిగింది. 'వార్ము వెనక్కి తిరగదన్నావు కదా!' అని నన్ను నిలదీసింది. తిరగలేదు. మరి ఆ ఆరు మిల్లీమీటర్లు ఎక్కడికి పోయాయి?

ఆ ప్రశ్న మీద మాకు పది రోజులు గడిచాయి. ఇరుసు పట్టుకుని చూస్తే ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే ఆ కడ్డీ తాడులా కాస్త మెలిపడి ఉంది. బలమంతా ఒకే పక్కన పడుతోంది. చక్రాన్ని రెండు పక్కలా పెట్టింది. ఇంకా దిగుతోంది. బూమ్‌లో ప్రతి పిన్ను దగ్గరా వెంట్రుకవాసి ఖాళీ. పది కీళ్ల ఖాళీలు కలిసి బకెట్ దగ్గరకు వచ్చేసరికి కంటికి కనిపించేంత అయ్యాయి. దానికి అడ్డంగా కర్ర కొట్టాలి, అంటే త్రికోణం కట్టాలి. మూడు, నాలుగు, అయిదు కొలతల త్రికోణం అయితే లంబకోణం దానంతట అదే వస్తుందని వాళ్ల లెక్కల పుస్తకంలోనే ఉంది. కానీ కుదరలేదు. అడ్డంగా బిగించే రంధ్రాల పట్టీ కొద్దిలో తప్పి, రంధ్రానికి రంధ్రం ఎదురు రాదు. ఒక సాయంత్రమంతా పోరాడాక తెలిసింది, పిల్ల రంధ్రాలు లెక్కపెడుతోంది, లెక్కపెట్టాల్సింది రంధ్రాల మధ్య ఎడాలు. నాలుగు రంధ్రాలకు మూడు ఎడాలు, అయిదింటికి నాలుగు, ఆరింటికి అయిదు. ఒక్కో ఎడం 8 మిల్లీమీటర్లు. ఆ సంగతి తెలిశాక పిన్ను టక్కున దిగింది. పైథాగరస్ సిద్ధాంతానికి యూనిట్ పరీక్షలో తనకు అయిదుకు అయిదు మార్కులు వచ్చాయట. అర్థమైంది మాత్రం ఆ సాయంత్రం అని తనే అంది.

మర్నాడు పొద్దున బకెట్ పన్ను గీత మీదే ఉంది. గీత మందమంత కూడా దిగలేదు.

ఇక సెంటర్ జాయింట్. ఇది రాయకుండా ఉండలేను. ఎక్స్‌కవేటర్ పైభాగం గుండ్రంగా ఎన్ని చుట్లైనా తిరుగుతుంది. ఇంజిన్, పంపు పైన ఉంటాయి, చక్రాల బదులు ఉండే చైన్లను నూనె ఒత్తిడితో నడిపే మోటార్లు కింద. పైనుంచి కిందికి నూనె పోవాలి, గొట్టాలు మెలిపడకూడదు. అందుకే నడిమధ్యలో ఒక తిరిగే కీలు, దాని లోపల గాడుల గుండా నూనె దారులు. చాలామంది ఆపరేటర్లకు కూడా అది ఉందని దాని సీలు పోయినప్పుడే తెలుస్తుంది. మా పిల్లకు నేను చెప్పలేదు. కింది మోటార్ల తీగలను మధ్య రంధ్రంలోంచి పైకి లాగింది. రెండున్నర చుట్లు తిప్పేసరికి తీగలు జడలా అల్లుకుపోయాయి. తర్వాత మోటారు పైన పెట్టి, మధ్యలోంచి ఒక ఇరుసు కిందికి దింపింది. ఈసారి వింత జరిగింది. పైభాగాన్ని పక్కకు తిప్పితే బండి దానంతట అదే ముందుకు పాకుతోంది! పైభాగంతోపాటు ఇరుసూ తిరుగుతుంది కదా, కింద చైన్లకు అది నడవమన్న ఆజ్ఞే. పైగా ఒకే ఇరుసు కాబట్టి రెండు చైన్లూ కలిసే కదులుతాయి, బండి మలుపు తిరగదు. రెండు రోజులు అలిగి పుస్తకం ముట్టలేదు, ఇటుక ముట్టలేదు. మూడో రోజు తనే ఉపాయం పట్టుకుంది. కింద ఒక బ్యాటరీ పెట్టె, పైన ఒకటి. రిమోట్ గాలిలోంచే మాట్లాడుతుంది కాబట్టి మధ్యలో తీగ అక్కర్లేదు. పైపెట్టెలో ఆరు పెన్సిల్ సెల్స్, దాన్ని సరిగ్గా వెనక అంచున పెట్టి, ముందు బకెట్ బరువుకు బండి ఒరగకుండా కౌంటర్ వెయిట్‌గా వాడుకుంది. అది నేను చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్లు షావెళ్ల కింద పడుకున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

మొత్తం ఆరు మోటార్లు: చైన్లకు రెండు, తిరగడానికి ఒకటి, బూమ్, దాని చివర ముంజేయి లాంటి ఆర్మ్, బకెట్‌లకు మూడు. నాలుగు సూట్‌కేసులో వచ్చినవి, రెండు ఎవరో వాడినవి అమ్ముతుంటే కొన్నాం. చేతి నుంచి పెట్టింది ఏడు వేల చిల్లర.

దారిన పోయేవాళ్లు చూసి 'జేసీబీ బాగుంది' అంటారు. పిల్లకు ఒళ్లు మండుతుంది. జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ ఆయన పేరులోని పొడి అక్షరాలు. ఆయన 1945లో యుటాక్సిటర్ అనే ఊళ్లో చిన్న గ్యారేజీలో మొదలుపెట్టాడు. ముందు తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండి వాళ్లది. మేము చేసింది చైన్ల మీద నడిచేది, దాన్ని మనవాళ్లు పొక్లెయిన్ అంటారు. అదీ ఒక ఫ్రాన్స్ కంపెనీ పేరే. డాల్డా, జిరాక్స్ లాగా ఈ రెండూ తెలుగైపోయాయి. నేను పిల్లతో 'జేసీబీ అననీయమ్మా, ఎత్తుతుందో లేదో అది చూడు' అన్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఆ మధ్య దీన్ని ఒక సైన్స్ ప్రదర్శనకు తీసుకెళ్లాం. ఎవరిదో, ఎక్కడో రాయను. మా బల్ల షామియానా అంచున, సగం ఎండలో. న్యాయనిర్ణేతలు వచ్చారు, పిల్ల రిమోట్ నొక్కింది, బండి కదల్లేదు. ఆ రిమోట్ పరారుణ కిరణాలతో పనిచేస్తుంది, నేరుగా ఎండ పడితే రిసీవరుకు మాట వినపడదు. ఇంట్లో నీడలో ఆడించిన మాకు ఆ సంగతి అక్కడే తెలిసింది. తప్పు మాదే. గొడుగు తెచ్చి పట్టేలోగా వాళ్లు ఒక్కటే ప్రశ్న అడిగారు: 'ఎంతకు కొన్నారమ్మా?' 'కొనలేదండీ, చేశాను' అంది. 'ముక్కలు కొన్నవే కదా' అని పక్క బల్లకు వెళ్లిపోయారు. గొడుగు కింద షావెల్ వెంటనే శనగలు ఎత్తి పోసింది. చూసింది నేనూ, టీ పోసే కుర్రాడూ.

ముక్కలు కొన్నవే. మా గనిలో షావెల్ బోల్టులు కూడా మేము పోతపోసినవి కావు. పప్పు రుచిగా వండిన ఆవిడను కందులు మీరే పండించారా అని ఎవరం అడగం. బహుమతి వచ్చిన థర్మోకోల్ చెరువు చూడముచ్చటగానే ఉంది, నాకు దాని మీద అక్కసు లేదు. నాకున్న కోపం ఆ ఒక్క ప్రశ్న మీద. దాని బదులు 'ఇది ఎక్కడ విరిగింది?' అని అడిగి ఉంటే ఆ పిల్ల గంటసేపు చెప్పేది. పుస్తకం చూసి బిగించిన పిల్లవాడు ఆ ప్రశ్నకు తెల్లముఖం వేస్తాడు, ఎందుకంటే అతని చేతిలో ఏదీ విరగదు, లెగో కంపెనీ ఉన్న డెన్మార్క్‌లో ఎవరో ముందే విరగ్గొట్టి సరిచేసి పంపారు. ఉత్తరం రాసిన పాఠకురాలికీ నా జవాబు ఇదే. బొమ్మ పారేయకండమ్మా, మొదటిసారి బిగించాక పుస్తకం దాచేయండి.

ధర సంగతి ఆమె అన్నది నిజం. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో ఇరవై నుంచి అరవై శాతానికి, 2023లో డెబ్బైకి పెరిగింది. ఇక్కడే బొమ్మలు తయారు కావాలన్న ఉద్దేశం మంచిదే. అంతవరకు ఇనుప పట్టీలు, నట్లు బోల్టులతో వచ్చే మన మెకానిక్స్ సెట్లు ఉన్నాయి, వాటితోనూ ఈ త్రికోణం ఇలాగే కుదురుతుంది. కానీ 1958 నాటి లెగో ఇటుక ఈ రోజు ఇటుకకు పట్టినట్టు పట్టే కొలత, ఫిట్టర్‌గా చెప్తున్నాను, దానికి దండం పెట్టాలి.

ప్రదర్శనలు నడిపేవాళ్లకు నా మనవి చిన్నది. 'పనిచేసే నమూనా' అని విభాగం పెట్టినప్పుడు ప్రతి బల్ల దగ్గరా ఒక బరువు వేసి చూడండి. పిల్లల చేత ఒక కీలు విప్పించి మళ్లీ బిగించమనండి. అయిదు నిమిషాల పని.

మా షావెల్ ఇంకా పూర్తి కాలేదు. బకెట్ ముడుచుకునేటప్పుడు లింకుల కొలత ఎక్కడో తప్పుతోంది, నాలుగైదు శనగలు రాలుతున్నాయి. రోజూ సాయంత్రం అవి ఏరుతూ మా ఆవిడ ఇద్దర్నీ కలిపి తిడుతోంది. ఆ పాఠకురాలు ఒక ఆదివారం వచ్చి చూస్తానంటే నా చిరునామా మీ దగ్గర ఉంది, ఇవ్వండి. వరండాలో నీడ ఉంటుంది. వచ్చేటప్పుడు పన్నెండు పెన్సిల్ సెల్స్ తెస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ షావెల్ ఫిట్టర్,
కొత్తగూడెం.

(పిల్ల పేరు బయటికి రావడం తనకు ఇష్టం లేదు. నా పేరూ వేయవద్దని మనవి.)