‘హై నూన్’ రాసినాయన పేరేది?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో పాత హాలీవుడ్ కౌబాయ్ సినిమా ‘హై నూన్’ తెర వెనుక కథ వేశారు. గ్రెగరీ పెక్ వద్దన్న హీరో వేషం గ్యారీ కూపర్‌కి ఎలా వచ్చిందీ, 50 ఏళ్ల ఆయన పక్కన 21 ఏళ్ల గ్రేస్ కెల్లీని ఎందుకు పెట్టారూ, అన్నీ వివరంగా రాశారు. రచయిత కార్ల్ ఫోర్‌మన్ పేరు మాత్రం ఎక్కడా లేదు! ఇన్ని రోజులు ఆగాను, సవరణ వేస్తారేమోనని. వేయలేదు.

ఆయన లేకుండా ఆ సినిమా తెర వెనుక కథ ఏముంటుందండీ? 1951 సెప్టెంబరులో ఒక పక్క షూటింగ్ జరుగుతుంటే, కమ్యూనిస్టుల్ని వెతికే అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఆయన్ని పిలిపించి కమ్యూనిస్టుల పేర్లు చెప్పమంది. తోటివాళ్ల పేర్లు ఆయన చెప్పలేదు. నిర్మాణంలో భాగస్వామి స్టాన్లీ క్రేమరే ఆయన్ని వదిలించుకున్నారు. నిర్మాణంలో చేసిన పనికి టైటిల్స్‌లో పేరు దక్కలేదు, రచయితగా మాత్రమే మిగిలింది. రౌడీలు వస్తున్నారని తెలిసి ఊరంతా మొహం చాటేస్తే మార్షల్ (ఊరి పోలీసు అధికారి) ఒంటరిగా నిలబడతాడే, ఆ సీన్లు ఆయన తన చుట్టూ ఉన్నవాళ్లని చూసి రాసుకున్నవే. కూపర్‌ది పూర్తిగా వేరే రాజకీయం, అయినా ఆయనకి అండగా నిలిచారు. అదీ రాయాల్సింది!

ఆ తర్వాత హాలీవుడ్ పని ఇవ్వకుండా వెలివేస్తే ఫోర్‌మన్ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ స్క్రీన్‌ప్లేలో ఆయన చెయ్యి ఉన్నా పేరు వేయలేదు. ఆ స్క్రీన్‌ప్లేకి వచ్చిన ఆస్కార్‌ని మూల నవల రాసిన పియెర్ బూల్‌కి ఇచ్చారు. ఫోర్‌మన్ పోయాక గానీ ఆ తప్పు దిద్దలేదు. మన ఊళ్లలో జనం ఎగబడి చూసిన ‘మెకన్నాస్ గోల్డ్’ కూడా ఆయన రాసి, నిర్మాణంలో పాలుపంచుకున్నదే. ఈ ఒక్క ముక్క వేసినా తెలుగు పాఠకులు ఆయన్ని గుర్తుపట్టేవారు.

మీ ఒక్కరినీ అనడం లేదు. మన సమీక్షల్లో హీరో చొక్కా గురించి రాస్తారు, మాటలు ఎవరివో చివరి లైన్లో అయినా ఉండదు. టీవీలో సినిమా అయీ అవగానే టైటిల్స్ కోసేసి ప్రకటనలు వేస్తారు. ఫోన్లో చూస్తే టైటిల్స్ దాటేయమని బటన్ కూడా ఇస్తున్నారు. రాసినవాడి పేరు చదివే అర నిమిషం కూడా ఎవరికీ లేదా? ఏ సినిమా ఎవరు రాశారో పిల్లలకి ఎలా తెలుస్తుంది?

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే చోటిచ్చి ఫోర్‌మన్ గురించి రాయించండి. మూలన రెండు లైన్ల సవరణ వేసి ఊరుకోవద్దు.

– మీ పాత పాఠకుడు, తెనాలి