పెద్దలు రాసిన కాగితంతో పెళ్లి రద్దు కాదు

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళంలో కోర్టు దగ్గర ముప్పై ఆరేళ్లపాటు మొదట టైపు మిషను ముందు, తరువాత కంప్యూటరు ముందు కూర్చుని దస్తావేజులూ అఫిడవిట్లూ టైపు చేసి పొట్టపోసుకున్నవాణ్ని. నేను లాయరును కాను. అయినా పెళ్లి రద్దు విషయంలో మన జిల్లాలో పాతుకుపోయిన ఒక పొరపాటులో నా చేతి పని కూడా ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

వంద రూపాయల స్టాంపు కాగితం. పైన "పెండ్లి రద్దు ఒప్పంద పత్రము" అని శీర్షిక. దాని కింద బీరువా ఒకటి, పట్టెమంచం ఒకటి, ఇత్తడి బిందెలు రెండు తిరిగి ముట్టినవని జాబితా. ఆపైన "నేటి నుండి ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులును లేవు, ఎవరి ఇష్టప్రకారము వారు పునర్వివాహము చేసుకొనవచ్చును" అనే వాక్యం. చివర అయిదుగురు పెద్దమనుషుల సంతకాలు, పిల్ల తల్లి వేలిముద్ర. ఇటువంటివి ఎన్ని టైపు చేశానో నాకే లెక్క తెలియదు. ఆ వాక్యం మాత్రం కళ్లు మూసుకుని కొట్టగలను.

నాలుగేళ్ల కిందట ఒకావిడ అటువంటి కాగితమే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మొదటి పెళ్లి ఆ కాగితంతో తెంచుకుని రెండో పెళ్లి చేసుకుంది. ఆ రెండో భర్త ఉద్యోగంలో ఉండగా చనిపోయాడు. కుటుంబ పింఛను కోసం వెళితే, మొదటి పెళ్లి రద్దయినట్టు కోర్టు డిక్రీ తెమ్మని ఆఫీసులో అడిగారట. "పెద్దలు కూకున్నారు, కాగితం రాసేసినారు, ఇంకేటి కావాల బాబూ?" అని ఆవిడ నన్నడిగింది. కాగితం మడతల దగ్గర చిరిగింది కానీ అక్షరాలు చెదరలేదు. అవి నా మిషను అక్షరాలే.

హిందువుల పెళ్లిని రద్దు చేసే అధికారం కోర్టుకే ఉంది. పెద్దమనుషులకు గానీ, నోటరీకి గానీ, పెళ్లి రిజిస్టరు చేసిన ఆఫీసుకు గానీ ఆ అధికారం లేదు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ కాపాడుతున్న మాట నిజమే. కానీ తమ కులంలో అటువంటి ఆచారం అనాదిగా, ఎడతెగకుండా సాగుతోందని చెప్పుకునేవారే సాక్ష్యాలతో రుజువు చేయాలి. స్టాంపు కాగితం ఆ రుజువు కాదు.

చెల్లిన పెళ్లిని తెంచేది విడాకులు, పెళ్లిలోనే లోపం ఉందని కొట్టేసేది రద్దు. చట్టం దృష్టిలో ఈ రద్దు రెండు రకాలు. 11వ సెక్షన్ కిందికి వచ్చేవి మొదటినుంచీ చెల్లని పెళ్లిళ్లు. పెళ్లినాటికి ఒకరికి భార్య గానీ భర్త గానీ బతికి ఉండడం, చట్టం కూడదన్న దగ్గరి చుట్టరికం ఉండడం అందుకు కారణాలు. ఈ చుట్టరికం విషయంలో మనవైపు వారు కంగారు పడనక్కరలేదు. మేనరికాలూ, మేనమామ పెళ్లిళ్లూ చట్టం కూడదన్న చుట్టరికాల్లోకే వచ్చినా, ఆచారం ఒప్పుకున్నచోట అవి చెల్లుతాయని చట్టమే చెబుతోంది. రెండో రకం 12వ సెక్షన్ కిందివి. ఇవి కోర్టు రద్దు చేసేవరకు చెల్లుబాటులోనే ఉంటాయి. ఎదుటివారి నపుంసకత్వం వల్ల కాపురం జరగకపోవడం, సమ్మతి చెప్పలేనంత లేదా సంసారానికి తగనంత మానసిక రుగ్మత ఉండడం, బలవంతం చేసి గానీ మోసం చేసి గానీ సమ్మతి తీసుకోవడం, పెళ్లినాటికే వధువు మరొకరి వల్ల గర్భవతి కావడం ఇందులోకి వస్తాయి. మూర్ఛ ఉందని పెళ్లి రద్దు చేయించుకోవచ్చని ఇప్పటికీ చెప్పేవారున్నారు. ఆ మాటను చట్టంలోంచి 1999లోనే తీసేశారు. అలాగే కాపురం జరగలేదన్న ఒక్క మాట చాలదు, ఎందుకు జరగలేదన్నది తేలాలి.

నా అసలు ఆవేదన మోసం సంగతి గురించి. 1976 సవరణ తరువాత, పెళ్లి తంతు విషయంలోనే కాదు, ఎదుటివారికి సంబంధించిన ముఖ్యమైన నిజాన్ని దాచి సమ్మతి పొందినా మోసమే. ఏది ముఖ్యమైన నిజమో కోర్టు ఆయా సందర్భాన్ని బట్టి తేలుస్తుంది. అయితే మోసం బయటపడిన నాటినుంచి ఏడాదిలోగా పిటిషను వేయాలి. బయటపడ్డాక ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేస్తే ఆ హక్కు పోతుంది. ఇక విడాకుల నియమం దీనికి తలకిందులు. పెళ్లయిన ఏడాది వరకు, మరీ దుర్భరమైన పరిస్థితి ఉంటే తప్ప, విడాకుల పిటిషను వేయనివ్వరు. మన ఊళ్లలో ఈ రెండు ఏడాదులూ కలగలిసిపోయాయి. "ఏడాది దాకా కోర్టు తీసుకోదు, ఆగండి" అని ఎవరో ఒకరు చెబుతారు. విడాకుల విషయంలో ఆ మాట సరైనదే. రద్దు కోరేవారిని మాత్రం అదే మాట నిలువునా ముంచుతుంది.

ఉద్దానం వైపు ఒక కుటుంబానికి అలాగే జరిగింది. పెళ్లి వైశాఖంలో అయింది. పదిహేను రోజులు తిరక్కుండానే అత్తవారింటి బీరువాలో చీరల కింద అమ్మాయికి ఒక ఫైలు దొరికింది. పెళ్లికి ఏడాదిన్నర ముందునుంచే అబ్బాయికి డయాలసిస్ జరుగుతున్న కాగితాలు అందులో ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఎవరి తప్పూ కాదు, ఆ ప్రాంతంలో ఆ బాధ తెలియని ఇల్లు అరుదు. దాచిపెట్టడమే తప్పు. ఆషాఢానికి పుట్టింటికి వచ్చిన పిల్లను, శ్రావణంలో మళ్లీ పంపి చూడమన్నారు పెద్దలు. పంపారు. రెండు నెలలు ఉండి తిరిగి వచ్చింది. తరువాత పంచాయతీలు సంక్రాంతి దాకా సాగాయి, ఇచ్చిన కట్నం దగ్గర తెగలేదు. మధ్యలో ఎవరో ఏడాది ఆగాలన్నారు. ఆగారు. ఆ ఏడాది నిండి, మరో ఆషాఢం కూడా దాటాక లాయరు దగ్గరికి వెళితే, రద్దు పిటిషనుకు గడువు దాటిందనీ, గడువులో వచ్చి ఉన్నా ఆ రెండు నెలల కాపురం అడ్డుపడేదనీ చెప్పారు. వారికి దారి పూర్తిగా మూసుకుపోలేదు. పరస్పర అంగీకారంతోనో, క్రూరత్వం కిందనో విడాకులు అడగవచ్చు. కానీ మొదటి నెలలోనే వేయదగిన పిటిషనును పోగొట్టుకుని, ఎదుటివారి సంతకం కోసం బతిమాలుకునే స్థితికి వచ్చారు. సర్దిచెప్పిన పెద్దల మంచితనాన్ని నేను శంకించను. వారు చెప్పిన రెండు మాటలూ చట్టానికి ఎదురు నడిచాయి, అంతే.

బాల్య వివాహాల్లోనూ ఇటువంటి గడువే ఉంది. పదహారేళ్లకు చేసిన పెళ్లి పద్దెనిమిది నిండగానే దానంతటదే స్థిరపడిపోతుందని చాలామంది అనుకుంటారు. మరికొందరు మైనరు పెళ్లి ఎలాగూ చెల్లదు, కోర్టు ఎందుకంటారు. రెండూ పొరపాట్లే. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం ఆ పెళ్లి రద్దు చేయించుకునే హక్కు అమ్మాయికి ఉంది. మేజరయిన రెండేళ్లలోగా, అంటే ఇరవై నిండకముందే, ఆమె అడగాలి. మైనరుగా ఉండగా అయితే సంరక్షకుల ద్వారా, బాల్య వివాహ నిషేధ అధికారితో కలిసి వేయాలి. ఇచ్చిపుచ్చుకున్న డబ్బూ నగలూ వెనక్కి ఇప్పించే అధికారం, ఆమెకు మనోవర్తి, ఉండడానికి చోటు ఏర్పాటు చేసే అధికారం అదే కోర్టుకు ఉన్నాయి.

రద్దు అనగానే "పిల్లలుంటే వాళ్ల గతేమిటి?" అని తల్లులు జంకుతారు. హిందూ వివాహ చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లలు సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో వారికి హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి వాటాకు వచ్చే భాగంలో కూడా వారికి వాటా ఉంటుందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో స్పష్టం చేసింది. పెళ్లి చెల్లదని తేలినా శాశ్వత భరణం కోరవచ్చని 2025 ఫిబ్రవరిలో మరో తీర్పు చెప్పింది. పరువు సంగతి అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే. ఈ కేసుల విచారణ తలుపులు మూసి జరుగుతుంది, రచ్చబండ మీద జరిగే పంచాయతీకి తలుపులుండవు. పెళ్లి ఒడిశాలో బరంపురంలో జరిగినా, భార్య తాను ఉంటున్న చోటి కోర్టులోనే పిటిషను వేసుకోవచ్చు. 2003 నుంచి ఈ వీలు ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వారికి ఇది చాలా అవసరమైన సంగతి.

ఖర్చుకు భయపడి ఆగేవారూ ఉన్నారు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేసినా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లి తెల్లకాగితం మీద అర్జీ ఇచ్చినా సరిపోతుంది. ఈ సంగతి మా బల్ల దగ్గరికి వచ్చే వందమందిలో పదిమందికైనా తెలిసినట్టు నాకు కనబడలేదు.

కనుక న్యాయసేవాధికార సంస్థకూ, జిల్లా యంత్రాంగానికీ నా విన్నపం ఇది. ప్రతి గ్రామ సచివాలయం గోడమీద, మీ పత్రిక పేజీల్లో కూడా, మూడు ముక్కలు తెలుగులో రాయించండి: మోసం తెలిసిన ఏడాదిలోగా రద్దు పిటిషను వేయాలి, విడాకులకు చెప్పే ఏడాది ఆగడం దీనికి వర్తించదు, తెలిసిన తరువాత ఇష్టపడి కాపురానికి వెళితే హక్కు పోతుంది. మహిళా పోలీసులకు ఒక పూట శిక్షణ ఇచ్చినా చాలు. దస్తావేజు లేఖరులను పిలిచి, ఇటువంటి ఒప్పంద పత్రాలు రాసేటప్పుడు అవి కోర్టు డిక్రీకి బదులు కావని పార్టీలకు చదివి వినిపించమని చెప్పండి. ఇది నా వృత్తివారి మీద నేనే వేయిస్తున్న భారమని తెలుసు.

పింఛను కోసం వచ్చిన ఆవిడను ఆ రోజే న్యాయసహాయం కార్యాలయానికి వెంటబెట్టుకుని వెళ్లాను. వారు ఇచ్చిన లాయరు, కులాచారం ప్రకారం మొదటి పెళ్లి తెగిందని రుజువు చేయడానికి సాక్షులు కావాలన్నారు. కాగితం మీద సంతకాలు పెట్టిన అయిదుగురిలో నలుగురు పోయారు. మిగిలిన ఆయనకు చూపు లేదు. కేసు ఇంకా వాయిదాల్లో ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి,
శ్రీకాకుళం.